హాలీవుడ్ బ్లాక్‌లిస్టును అసలు ఎవరు నడిపారు?

ఒక నటుడికి అవకాశాలు ఆగిపోయాయని, ఒక రచయిత పేరు టైటిల్స్‌లోంచి తీసేశారని వార్త వచ్చి, దాని వెనుక రాజకీయం ఉందన్న అనుమానం కలిగితే చాలు, రాజకీయ అభిప్రాయాల కోసం మనుషుల్ని వేటాడడం అన్న అర్థంలో ‘మెకార్తీయిజం’ అన్న మాట పత్రికల్లోకి వచ్చేస్తుంది. దాని వెంటే హాలీవుడ్ ఉదాహరణ కూడా. అమెరికా సెనేటర్ మెకార్తీ కమ్యూనిస్టు సినిమా వాళ్లను వేటాడాడని, కమ్యూనిస్టులైనందుకు వాళ్లను జైల్లో వేశారని, సినిమాల్లో పనిచేయకుండా చట్టం నిషేధించిందని చాలామంది అనుకుంటారు. ఇందులో మూడు మాటలూ తప్పే. మెకార్తీ హాలీవుడ్ విచారణలు నడపలేదు. జైలుకు వెళ్లిన ప్రసిద్ధులైన పదిమంది మీద మోపిన నేరం కమ్యూనిజం కాదు. సినిమా వాళ్ల చేత పని చేయించుకోకూడదని ఏ చట్టమూ చెప్పలేదు.

అయినా 1947 నుంచి 1960 దాకా, కొందరి విషయంలో ఆ తర్వాత కూడా, వందలమంది రచయితలకూ నటులకూ దర్శకులకూ సొంత పేరుతో పని దొరకలేదు. చట్టం లేదు. అచ్చయిన అధికారిక జాబితా లేదు. ఫలానా అధికారి ఆపాడని వేలెత్తి చూపడానికి ఎవరూ లేరు. మరి ఆ నిషేధం పదమూడేళ్లు ఎలా నిలబడింది?

## ఒకే పేరు కింద కలిసిపోయిన మూడు విషయాలు

అమెరికా చట్టసభ పేరు కాంగ్రెస్. మన కాంగ్రెస్ పార్టీతో దానికి సంబంధం లేదు. అందులో సెనేట్, ప్రతినిధుల సభ అని రెండు సభలున్నాయి. జోసెఫ్ మెకార్తీ సెనేటర్. 1950 ఫిబ్రవరిలో వీలింగ్ పట్టణంలో చేసిన ఒక్క ప్రసంగంతో దేశమంతటికీ తెలిశాడు. ఆయన గురి విదేశాంగ శాఖ మీద, తర్వాత సైన్యం మీద. హాలీవుడ్‌ను పట్టుకున్నది ప్రతినిధుల సభకు చెందిన ‘అమెరికా వ్యతిరేక కార్యకలాపాల విచారణ సంఘం’. అది 1938లో తాత్కాలికంగా పుట్టి 1945లో శాశ్వత సభాసంఘమైంది. మెకార్తీ పేరు ఇంకా దేశానికి పరిచయం కాని 1947లోనే అది సినిమా వాళ్లకు సమన్లు పంపింది.

రెండో విషయం కమ్యూనిస్టు పార్టీ. అప్పట్లో ఆ పార్టీలో సభ్యత్వం నేరం కాదు. అది ఎన్నికల్లో పోటీ చేసిన పార్టీ. ప్రభుత్వాన్ని బలప్రయోగంతో కూల్చాలని ప్రచారం చేయడాన్ని 1940 నాటి స్మిత్ చట్టం నేరంగా ప్రకటించింది. ఆ చట్టం కింద పార్టీ అగ్రనాయకులకు పడిన శిక్షలను 1951లో సుప్రీంకోర్టు సమర్థించింది కూడా. కానీ హాలీవుడ్ పదిమంది మీద నడిచింది ఆ కేసు కాదు.

మూడోది బ్లాక్‌లిస్టు. ఫలానా వాళ్లకు పని ఇవ్వకూడదని యజమానులు తమలో తాము కుదుర్చుకున్న ఒప్పందం అది. సభాసంఘానికి ఎవరినీ ఉద్యోగంలోంచి తీసే అధికారం లేదు. పిలవగలదు, ప్రమాణం చేయించి ప్రశ్నించగలదు, జవాబు చెప్పకపోతే సభాధిక్కారం కింద కేసుకు సిఫార్సు చేయగలదు. అంతకు మించి ఏమీ చేయలేదు. స్టూడియోలకు జైలుకు పంపే అధికారం లేదు, జీతం ఆపే అధికారం ఉంది. బ్లాక్‌లిస్టు పుట్టింది ఈ రెండు అధికారాలు ఒకదానికొకటి తోడైన చోట.

## సినిమా వాళ్లే ఎందుకు దొరికారు?

‘పేరు కోసం’ అన్నది తేలికగా వచ్చే జవాబు. సినిమా తార సాక్ష్యానికి వస్తే కెమెరాలు వస్తాయి, సభాసంఘం అధ్యక్షుడి ఫొటో మొదటి పేజీలో పడుతుంది. అది నిజమే. కానీ అంతకు ముందు పదిహేనేళ్లుగా స్టూడియో గేట్ల దగ్గర నడిచిన తగాదాను వదిలేస్తే కథ సగమే తెలుస్తుంది.

1933లో స్క్రీన్‌ప్లే రచయితలు తమ సంఘం పెట్టుకున్నారు. దాని మొదటి అధ్యక్షుడు జాన్ హోవర్డ్ లాసన్. ఆయన కమ్యూనిస్టు. స్టూడియోలు ఆ సంఘాన్ని గుర్తించడానికి ఇష్టపడలేదు, దానికి పోటీగా మరో సంఘాన్ని ప్రోత్సహించాయి. 1941లో డిస్నీ స్టూడియోలో బొమ్మలు గీసేవాళ్లు సమ్మె చేశారు. వాల్ట్ డిస్నీ ఆ అవమానాన్ని మరచిపోలేదు. ఆరేళ్ల తర్వాత సభాసంఘం ముందుకు వచ్చి, ఆ సమ్మె వెనుక ఉన్నది కమ్యూనిస్టులేనని సాక్ష్యం చెప్పాడు. 1945 అక్టోబరు 5న వార్నర్ బ్రదర్స్ స్టూడియో గేట్ల ముందు సమ్మెకారుల మీద దాడి జరిగి రక్తం చిందింది. అంతకు ముందే 1944లో దర్శకుడు శామ్ వుడ్ నాయకత్వంలో, డిస్నీ వంటి ప్రముఖులతో, ‘అమెరికన్ ఆదర్శాల పరిరక్షణకు చలనచిత్ర కూటమి’ ఏర్పడింది. హాలీవుడ్ వైపు చూడమని వాషింగ్టన్‌ను కోరిన వాళ్లలో ఈ కూటమి వాళ్లున్నారు. అంటే ఈ తగువులోకి వాషింగ్టన్ తనంతట తాను రాలేదు, పరిశ్రమలో ఒక వర్గమే పిలిచింది.

సినిమాల్లో కమ్యూనిస్టు ప్రచారం ఉందన్న ఆరోపణకు రుజువులు వెతికినప్పుడు దొరికినవి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. రష్యా అమెరికాకు మిత్రదేశంగా ఉన్న యుద్ధకాలంలో, 1943–44లో, స్టూడియోలు రష్యాను మెచ్చుకుంటూ కొన్ని చిత్రాలు తీశాయి. ‘మిషన్ టు మాస్కో’, ‘సాంగ్ ఆఫ్ రష్యా’ అలాంటివే. ‘సాంగ్ ఆఫ్ రష్యా’లో రష్యన్లు నవ్వుతూ కనిపించడమే ప్రచారమని రచయిత్రి అయన్ రాండ్ సాక్ష్యం చెప్పింది. రష్యాలో ఇప్పుడు ఎవరూ నవ్వరా అని సంఘ సభ్యుడొకరు అడగాల్సి వచ్చింది. నటి జింజర్ రోజర్స్ తల్లి మరో ఆధారం చూపించింది. ఉన్నది అందరం సమానంగా పంచుకుందాం, ప్రజాస్వామ్యమంటే అదే అన్న అర్థం వచ్చే డైలాగు చెప్పడానికి తన కూతురు నిరాకరించిందట. ఆ డైలాగు రాసింది, తర్వాత జైలుకు వెళ్లిన పదిమందిలో ఒకడైన డాల్టన్ ట్రంబో.

## పదిమంది జైలుకు ఎందుకు వెళ్లారు?

1947 అక్టోబరులో వాషింగ్టన్ విచారణలకు న్యూజెర్సీ సభ్యుడు జె. పార్నెల్ థామస్ అధ్యక్షత వహించాడు. మొదటి వారం స్టూడియో అధిపతులు జాక్ వార్నర్, లూయిస్ బి. మేయర్, నటులు గ్యారీ కూపర్, రాబర్ట్ టేలర్, అప్పటి నటుల సంఘం అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ వంటి అనుకూల సాక్షులు వచ్చారు. సహకరించబోమన్న 19 మందికి కూడా సమన్లు అందాయి. వాళ్లలో 11 మందిని మాత్రమే పిలిచారు. పదకొండోవాడు జర్మన్ నాటక రచయిత బెర్టోల్ట్ బ్రెహ్ట్. తాను ఏనాడూ పార్టీ సభ్యుణ్ని కానని చెప్పి, మర్నాడే ఆయన అమెరికా వదిలి వెళ్లిపోయాడు. మిగిలిన పదిమందే ‘హాలీవుడ్ టెన్’.

అందరికీ వేసిన ప్రశ్న ఒకటే: ‘మీరు ఇప్పుడు కమ్యూనిస్టు పార్టీ సభ్యులా, గతంలో ఎప్పుడైనా సభ్యులుగా ఉన్నారా?’ పదిమందీ దానికి సూటిగా జవాబు చెప్పలేదు. అది అడిగే హక్కే మీకు లేదన్నారు. లాసన్‌కూ అధ్యక్షుడికీ మధ్య అరుపులు సాగాయి. బల్ల మీద సుత్తి దెబ్బలు పడ్డాయి. చివరికి పోలీసులు లాసన్‌ను సాక్షి స్థానం నుంచి తీసుకెళ్లారు. రింగ్ లార్డ్‌నర్ జూనియర్ మాత్రం మెత్తగా అన్నాడు: ‘జవాబు చెప్పగలను. కానీ చెబితే పొద్దున లేచాక నన్ను నేనే అసహ్యించుకుంటాను.’

వాళ్లు ఆధారపడింది రాజ్యాంగం మొదటి సవరణ మీద. వాక్ స్వాతంత్ర్యం, సంఘం పెట్టుకునే స్వేచ్ఛ ఉన్నప్పుడు, ఏ పార్టీలో ఉన్నావని ప్రభుత్వం అడగడమే తప్పని వాళ్ల వాదం. సుప్రీంకోర్టు తమతో ఏకీభవిస్తుందని నమ్మారు. ఆ నమ్మకం గాలిలో మేడ కాదు. అప్పటి కోర్టులో పౌరహక్కుల పక్షాన నిలిచే న్యాయమూర్తులున్నారు. కానీ వాళ్లలో ఇద్దరు, మర్ఫీ, రట్లెడ్జ్, 1949 వేసవిలో రెండు నెలల తేడాలో చనిపోయారు. 1950 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కేసు వినడానికే నిరాకరించింది. ఎనిమిది మందికి ఏడాది, ఇద్దరికి ఆరు నెలలు జైలు. నేరం సభాధిక్కారం. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేదన్నదే తప్పు.

లార్డ్‌నర్, లెస్టర్ కోల్ శిక్ష అనుభవించిన డాన్‌బరీ జైలులోనే మరో ఖైదీ ఉన్నాడు. ఆయన వాళ్లను విచారించిన పార్నెల్ థామస్. పని చేయని ఉద్యోగుల పేర్లతో జీతాలు రాబట్టి జేబులో వేసుకున్న కేసులో ఆయనకూ శిక్ష పడింది. కథల్లో రాస్తే, మరీ అతికించినట్టుందని సంపాదకుడు కొట్టేసే మలుపు ఇది.

## వాల్డార్ఫ్ హోటల్లో కుదిరిన ఒప్పందం

జైలు తర్వాతి మాట. బ్లాక్‌లిస్టు అంతకన్నా రెండున్నరేళ్ల ముందే మొదలైంది. విచారణలు నడుస్తున్నప్పుడు నిర్మాతల సంఘం అధ్యక్షుడు ఎరిక్ జాన్‌స్టన్, తాను బతికుండగా బ్లాక్‌లిస్టు వంటి అమెరికా వ్యతిరేకమైన పనిలో భాగస్వామిని కానని గట్టిగా చెప్పాడు. 1947 నవంబరు 24న ప్రతినిధుల సభ ధిక్కార తీర్మానాలను భారీ ఆధిక్యంతో ఆమోదించింది. అదే సమయంలో సుమారు 50 మంది సినిమా అధిపతులు న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో సమావేశమయ్యారు. మర్నాడు అదే జాన్‌స్టన్ వాళ్ల ప్రకటన విడుదల చేశాడు: పదిమందినీ జీతం లేకుండా పక్కన పెడతాం, తెలిసి తెలిసి ఏ కమ్యూనిస్టుకూ పని ఇవ్వం.

నెల తిరగకుండానే మాట ఎందుకు మారింది? డబ్బు వల్ల. సినిమా పెట్టుబడి న్యూయార్క్ బ్యాంకుల నుంచి వచ్చేది. 1946లో శిఖరానికి చేరిన టికెట్ల అమ్మకం అప్పటికే జారడం మొదలైంది. స్టూడియోలు తమ థియేటర్ల గొలుసులు వదులుకోవాలన్న గుత్తాధిపత్య కేసు నెత్తిన వేలాడుతోంది. 1948 మేలో అందులో స్టూడియోలు ఓడిపోయాయి కూడా. టెలివిజన్ వస్తోంది. ఈ పరిస్థితిలో మాజీ సైనికుల సంఘం అమెరికన్ లీజియన్ సినిమాలను బహిష్కరించమంటే తట్టుకునే ఓపిక ఎవరికీ లేదు.

ఆ ప్రకటనలో ఎక్కువమంది గమనించని వాక్యాలున్నాయి. ఈ పని వల్ల అమాయకులకు నష్టం జరిగే ప్రమాదం ఉందని, భయవాతావరణం ఏర్పడవచ్చని, భయంలో మంచి సృజన సాగదని యజమానులే రాసుకున్నారు. ఏం జరుగుతుందో తెలిసే చేశారన్నమాట.

ఈ పదిమందికి అండగా జాన్ హ్యూస్టన్, విలియం వైలర్ వంటి దర్శకులు ఒక కమిటీ పెట్టారు. హంఫ్రీ బోగార్ట్, లారెన్ బెకాల్ సహా తారలు విమానమెక్కి వాషింగ్టన్ వెళ్లారు. నాలుగు నెలలు గడిచాక బోగార్ట్ తాను కమ్యూనిస్టును కానంటూ ఒక సినీ పత్రికలో వ్యాసం రాసుకోవాల్సి వచ్చింది. గాలి ఎటు తిరిగిందో మిగతా వాళ్లకు అర్థమైంది.

## ఒక రచయిత ముందున్న నాలుగు దారులు

1951లో సభాసంఘం మళ్లీ హాలీవుడ్ వైపు తిరిగింది. ఈసారి పట్టిన వల చాలా పెద్దది. అప్పుడు సమన్లు అందుకున్న మనిషి స్థితి అర్థం కావాలంటే ఒక ఊహాజనిత రచయితను తీసుకుందాం. ఆర్థిక మాంద్యాన్ని, స్పెయిన్ అంతర్యుద్ధాన్ని చూసి 1937లో పార్టీలో చేరాడు. పార్టీ పెత్తనం నచ్చక 1940లో బయటికి వచ్చేశాడు. ఇప్పుడు భార్య, ఇద్దరు పిల్లలు, వాయిదాల మీద కొన్న ఇల్లు.

మొదటి దారి, మొదటి సవరణను అడ్డుపెట్టుకోవడం. హాలీవుడ్ టెన్ చేసిందే. ఫలితం జైలు, బయటికొచ్చాక నిరుద్యోగం.

రెండోది ఐదో సవరణ. తన మీద తానే నేరం మోపుకునేలా సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతం చేయకూడదని అది అంటుంది. జైలు తప్పుతుంది. కానీ ‘ఐదో సవరణ తీసుకున్నాడు’ అన్న వార్త పత్రికలో పడిన రోజే స్టూడియో తలుపు మూసుకుంటుంది.

మూడోది నిజాయితీపరుడికి సహజంగా తోచే దారి: ‘నా సంగతి అంతా చెబుతాను, ఇతరుల గురించి చెప్పను.’ ఇదే అసలు ఉచ్చు. 1951 ఫిబ్రవరిలో రోజర్స్ కేసులో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. డెన్వర్ కమ్యూనిస్టు పార్టీ కోశాధికారిగా పనిచేసిన స్త్రీ తన పదవిని ఒప్పుకుని, పుస్తకాలు ఎవరికి అప్పగించిందో మాత్రం చెప్పనంది. తన గురించి ఒకసారి నోరు విప్పాక, ఆ విషయంలో మిగతా ప్రశ్నలకు ఐదో సవరణ రక్షణ ఉండదని కోర్టు తేల్చింది. కాబట్టి మన రచయిత ‘అవును, 1937లో సభ్యుణ్ని’ అన్న క్షణం నుంచి ‘మీతో పాటు ఎవరున్నారు’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పకపోతే జైలే.

నాలుగోది అన్నీ చెప్పడం. పశ్చాత్తాపం ప్రకటించి, పాత మిత్రుల పేర్లు చెప్పి, సంఘానికి కృతజ్ఞతలు తెలిపి రావడం. ఇక్కడ ఉద్యోగం దక్కే అవకాశం ఉంది.

నాటక రచయిత్రి లిలియన్ హెల్మన్ 1952 మేలో మూడో దారిని ముందే బేరమాడింది. నా గురించి అడగండి, ఇతరుల గురించి అడగకండి అంటూ లేఖ రాసింది. ఈ ఏటి ఫ్యాషన్‌కు సరిపోయేలా అంతరాత్మను కత్తిరించుకోలేనన్న ఆమె మాట ఆ లేఖలోదే. సంఘం ఒప్పుకోలేదు. ఆమె ఐదో సవరణ తీసుకుంది. జైలు తప్పింది, సినిమా పని పోయింది.

## తెలిసిన పేర్లే మళ్లీ ఎందుకు అడిగారు?

బయటి నుంచి చూసేవాళ్లకు అంతుపట్టనిది ఇదే. హాలీవుడ్ పార్టీ శాఖలో ఇన్‌ఫార్మర్లు ఉన్నారు, ఎఫ్‌బీఐ దగ్గర సభ్యుల వివరాలు ఉన్నాయి. 1951లో మార్టిన్ బర్క్‌లీ అనే రచయిత ఒక్కడే 150కి పైగా పేర్లు చెప్పాడు. ఆ తర్వాత వచ్చిన సాక్షులు చెప్పిన పేర్లలో కొత్తవి తక్కువ. అంటే సమాచారం కోసం అడగడం లేదు. పేరు చెప్పడమే పరీక్ష. మనిషి నిజంగా మారాడా లేదా అన్నదానికి స్నేహితుణ్ని అప్పగించడం కొలమానమైంది.

నటుడు ల్యారీ పార్క్స్ 1951 మార్చిలో ఆ పరీక్ష ముందు విలవిలలాడాడు. తన గురించి ఒప్పుకున్నాడు. పేర్లు మాత్రం అడగొద్దని, ఇన్‌ఫార్మర్‌గా మార్చి బురదలో పాకించవద్దని బతిమాలాడు. చివరికి రహస్య సమావేశంలో చెప్పాడు. అయినా ఆయన సినిమా జీవితం దాదాపు ముగిసింది. చెప్పినా తప్పే, చెప్పడానికి తటపటాయించినా తప్పే. హాలీవుడ్ టెన్‌లోని ఎడ్వర్డ్ డిమిట్రిక్ జైలు నుంచి వచ్చాక మనసు మార్చుకుని పేర్లు చెప్పాడు, మళ్లీ పెద్ద సినిమాలకు దర్శకుడయ్యాడు.

దర్శకుడు ఎలియా కజాన్ 1952 జనవరిలో పేర్లు చెప్పనన్నాడు. ఏప్రిల్‌లో ఎనిమిది మంది పాత నాటకరంగ మిత్రుల పేర్లు చెప్పి, రెండు రోజుల తర్వాత న్యూయార్క్ టైమ్స్‌లో సొంత డబ్బుతో ప్రకటన వేసి తన పనిని సమర్థించుకున్నాడు. కమ్యూనిస్టు పార్టీ రహస్య సంస్థ, దాని గుట్టు విప్పడం పౌరుడి బాధ్యత అన్నది ఆయన వాదం. మాటకు కట్టుబడ్డాడనే చెప్పాలి, చివరిదాకా క్షమాపణ కోరలేదు.

## జాబితాలు అమ్ముకున్న వాళ్లు

సభాసంఘం ముందుకు పిలుపే రాని వాళ్ల పనీ పోయింది. దీన్ని కొందరు ‘గ్రేలిస్టు’ అన్నారు. ఇది నడిచింది ప్రైవేటు వ్యాపారంగా. ఎఫ్‌బీఐలో పనిచేసి బయటికి వచ్చిన ముగ్గురు ‘కౌంటర్ఎటాక్’ అనే వార్తాలేఖ పెట్టారు. 1950 జూన్‌లో దాని తరఫున ‘రెడ్ ఛానెల్స్’ అనే చిన్న పుస్తకం వచ్చింది. ఇందులో రేడియో, టీవీ రంగాలకు చెందిన 151 మంది పేర్లు, ఒక్కో పేరు కింద వాళ్లు సంతకం పెట్టిన విజ్ఞప్తులు, వెళ్లిన సభలు ఉన్నాయి. ఆర్సన్ వెల్స్, ఆర్థర్ మిల్లర్, లెనార్డ్ బెర్న్‌స్టీన్ పేర్లు అందులో కనిపిస్తాయి. వీళ్లు కమ్యూనిస్టులని పుస్తకం సూటిగా అనలేదు. అనాల్సిన అవసరమూ లేకపోయింది.

ఒత్తిడి ఎలా పనిచేసిందో చెప్పడానికి సిరక్యూస్ పట్టణంలోని సూపర్‌మార్కెట్ల యజమాని లారెన్స్ జాన్సన్ ఒక్కడు చాలు. ఏదైనా టీవీ కార్యక్రమంలో తనకు అనుమానమున్న నటుడు కనిపిస్తే, ఆ కార్యక్రమానికి ప్రకటనలిచ్చే కంపెనీకి కబురు పెట్టేవాడు: మీ సరుకు పక్కన బోర్డు పెడతాను, ఎర్రవాళ్లకు డబ్బిచ్చే కంపెనీ సరుకు కావాలా అని కొనేవాళ్లను అడుగుతాను. కంపెనీ ప్రకటనల ఏజెన్సీకి చెబుతుంది, ఏజెన్సీ చానెల్‌కు, చానెల్ నిర్మాతకు. నటుడికి అందేది ఒక్కటే వాక్యం: ఈ పాత్రకు మీరు సరిపోరు. ఈ గొలుసులో ప్రతి ఒక్కరూ నిజం చెబుతూనే నాకేం సంబంధం లేదనగలరు.

జాబితాలోకి ఎక్కించేవాళ్లు ఉన్నప్పుడు దించేవాళ్లూ పుడతారు. కార్మిక నాయకుడు రాయ్ బ్రూవర్ వంటి వాళ్లు స్టూడియోలకు, అనుమానితులకు మధ్యవర్తులయ్యారు. సంజాయిషీ లేఖలు, ‘నేను మోసపోయాను’ అన్న వ్యాసాలు, అవసరమైతే సభాసంఘం ముందు స్వచ్ఛందంగా సాక్ష్యం. కమ్యూనిస్టు కాని ఎడ్వర్డ్ జి. రాబిన్సన్ మూడుసార్లు సంఘం ముందుకు వెళ్లి, మంచి ఉద్దేశంతో ఇచ్చిన చందాలకు సంజాయిషీ చెప్పుకున్నాడు.

చార్లీ చాప్లిన్‌ను ఇదే జాబితాలో కలపడం పరిపాటి, కానీ ఆయన కథ వేరు. ఆయన బ్రిటిష్ పౌరుడు, పైగా తన సినిమాలు తానే తీసుకునే వాడు. పనిలోంచి తీసే యజమాని లేడు. అందుకే ప్రభుత్వమే స్వయంగా రంగంలోకి దిగింది. 1952 సెప్టెంబరులో ఆయన ఓడలో ఇంగ్లండ్ వెళుతుండగా తిరిగి రావడానికి ఉన్న అనుమతి రద్దు చేసింది. మళ్లీ ఆయన అమెరికాలో అడుగుపెట్టింది 1972లో.

## ఆస్కార్ అందుకోవడానికి రాని రచయిత

నటుడి ముఖం దాచలేం, రచయిత పేరు మార్చవచ్చు. అందుకే బ్లాక్‌లిస్టు నటులను తుడిచిపెట్టింది, రచయితలను మాత్రం చీకటి బజారుకు నెట్టింది. వారానికి 3000 డాలర్లు తీసుకున్న ట్రంబో కొన్ని వేల డాలర్లకే మొత్తం స్క్రిప్టులు, అదీ మారుపేర్లతో, రాశాడు. ఆయన రాసిన ‘రోమన్ హాలిడే’ కథకు 1954లో ఆస్కార్ అందుకున్నది ఆయన మిత్రుడు ఇయన్ మెక్‌లెలన్ హంటర్. 1957లో ‘ది బ్రేవ్ వన్’ కథకు రాబర్ట్ రిచ్ అనే పేరుకు ఆస్కార్ ప్రకటించారు. అలాంటి మనిషే లేడు. అది ట్రంబో. మరుసటి ఏడాది ‘ది బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్’ స్క్రీన్‌ప్లేకు ఫ్రెంచ్ నవలాకారుడు పియర్ బూల్‌కు బహుమతి వచ్చింది. ఆయనకు ఇంగ్లిషులో రాయడం రాదు. రాసింది బ్లాక్‌లిస్టులో ఉన్న కార్ల్ ఫోర్‌మన్, మైకేల్ విల్సన్.

స్టూడియోలకు ఇందులో లాభమే. అదే పనితనం పావలా ధరకు దొరుకుతోంది. బ్లాక్‌లిస్టును సిద్ధాంతపోరాటంగా మాత్రమే చూసేవాళ్లు ఈ లెక్కను మరచిపోతారు.

## అదే కాలంలో మద్రాసులో

తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక పోలిక తోచకుండా ఉండదు. మన దగ్గర కమ్యూనిస్టుల మీద రాజ్యం చేసిన నిర్బంధం అమెరికా కన్నా చాలా కఠినం. తెలంగాణ సాయుధ పోరాటకాలంలో జైళ్లు, కాల్పులు, నిషేధాలు అన్నీ ఉన్నాయి. కమ్యూనిస్టుల సాంస్కృతిక వేదిక ప్రజానాట్యమండలి ప్రదర్శించిన ‘మా భూమి’ నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అయినా ఆ మండలి కళాకారులకు సినిమా తలుపు మూసుకోలేదు. గరికపాటి రాజారావు 1953లో ‘పుట్టిల్లు’ తీశాడు. అల్లు రామలింగయ్య వెండితెరకు వచ్చింది ఆ సినిమాతోనే. తాతినేని ప్రకాశరావు అంతకు ఏడాది ముందే ‘పల్లెటూరు’తో దర్శకుడయ్యాడు. మిక్కిలినేని వందల పాత్రలు వేశాడు. బొంబాయిలో నటుడు బల్రాజ్ సహానీ 1949లో అరెస్టయి, జైలు నుంచే అనుమతి మీద షూటింగుకు వెళ్లి వచ్చాడు.

మద్రాసు నిర్మాతలు విశాల హృదయులని దీని అర్థం కాదు. ఇక్కడ నిర్మాతలు చిన్నచిన్న ముక్కలుగా ఉన్నారు. అందరినీ ఒక హోటల్లో కూర్చోబెట్టి ఒకే మాట అనిపించే సంస్థ లేదు. అమెరికాలో సినిమా నిర్మాణం గుప్పెడు స్టూడియోల చేతిలో ఉంది. ఆ గుప్పెడు చేతులు కలిపితే పని ఇచ్చేవాళ్లు ఇంకెవరూ మిగలరు. చట్టం అక్కర్లేకపోవడానికి కారణం అదే.

## మరి వాళ్లు కమ్యూనిస్టులేనా?

హాలీవుడ్ టెన్ అందరూ ఏదో ఒక కాలంలో పార్టీ సభ్యులే. ఇది దాచాల్సిన సంగతి కాదు. వాళ్లను ఉత్త ఉదారవాదులుగా చిత్రించడం కూడా ఒక అబద్ధమే. 1939లో స్టాలిన్ హిట్లర్‌తో ఒప్పందం చేసుకోగానే, అంతకు ముందు నాజీ వ్యతిరేక ఉద్యమంలో ముందున్న పార్టీ వాళ్లు ఒక్కసారిగా యుద్ధం వద్దన్నారు. 1946లో ఆ పదిమందిలో ఒకడైన ఆల్బర్ట్ మాల్ట్జ్, కళను ఆయుధంగా మాత్రమే చూడడం రచయితను కట్టిపడేస్తుందని రాస్తే, పార్టీ మిత్రులే విరుచుకుపడి, రెండు నెలల్లో ఆ మాట వెనక్కి తీసుకునేలా చేశారు. భావస్వేచ్ఛ కోసం సభాసంఘాన్ని ఎదిరించిన వాళ్లు, తమలోని ఒకడి భావస్వేచ్ఛ విషయంలో ఇలా ప్రవర్తించారు.

బ్లాక్‌లిస్టును సమర్థించేవాళ్లు మరో అడుగు ముందుకేస్తారు. సోవియట్ గూఢచర్యం ఊహ కాదు, అమెరికా విప్పి చదివిన సోవియట్ రహస్య సందేశాలు, 1995లో బయటపెట్టిన వెనోనా పత్రాలు, దాన్ని రుజువు చేశాయి, కాబట్టి భయానికి ఆధారం ఉందంటారు. మొదటి రెండు మాటలూ నిజమే. సినిమా రంగంలోనూ సంగీత దర్శకుడు, నిర్మాత బోరిస్ మోరోస్ సోవియట్ ఏజెంటుగా పనిచేసి తర్వాత ఎఫ్‌బీఐ వైపు వచ్చాడు. కానీ హాలీవుడ్ టెన్‌లో ఒక్కరి మీదా గూఢచర్యం కేసు పెట్టలేదు. అణురహస్యాలు దొంగిలించే మనిషికీ, సమానంగా పంచుకుందామని డైలాగు రాసే మనిషికీ ఒకే మందు వేయవచ్చా అన్నది అసలు ప్రశ్న. ప్రైవేటు యజమానికి తనకిష్టం లేని వాణ్ని వద్దనే హక్కు ఉందన్న వాదానికి మరింత బరువుంది. అయితే యజమానులంతా ఏకమై, చట్టసభ బెదిరింపు మధ్య, ఆ హక్కును వాడితే అది ఇంకా ప్రైవేటు వ్యవహారమేనా?

## జాబితా ఎలా చిరిగింది?

కట్టినట్టే ఊడదీసిందీ డబ్బే. 1956లో రేడియో కళాకారుడు జాన్ హెన్రీ ఫాక్ జాబితాల వ్యాపారుల మీద, సూపర్‌మార్కెట్ జాన్సన్ మీద పరువునష్టం దావా వేశాడు. 1962లో జ్యూరీ 35 లక్షల డాలర్లు ఇమ్మంది. పై కోర్టు దాన్ని 5.5 లక్షలకు తగ్గించింది. జాబితా అమ్మడం లాభసాటి వ్యాపారం కాదని తేలిపోయింది. ఈలోగా 1960 జనవరిలో దర్శకుడు ఆటో ప్రెమింజర్ ‘ఎక్సోడస్’ రచయిత ట్రంబో అని బాహాటంగా ప్రకటించాడు. అదే ఏడాది కిర్క్ డగ్లస్ సినిమా ‘స్పార్టకస్’ తెర మీద ట్రంబో పేరు పడింది. అమెరికన్ లీజియన్ థియేటర్ల ముందు నిలబడి నిరసన తెలిపింది. కొత్తగా అధ్యక్షుడైన కెన్నెడీ ఆ నిరసనను దాటుకుని వెళ్లి సినిమా చూశాడు. సినిమా బాగా ఆడింది. సభాసంఘం మాత్రం పేరు మార్చుకుని 1975 దాకా బతికింది.

ఎవరిది తప్పు అన్న తగువు మాత్రం జాబితాతో పోలేదు. 1970లో రచయితల సంఘం పురస్కారం అందుకుంటూ ట్రంబో, ఆ కాలంలో వీరులూ విలన్లూ లేరు, బాధితులు మాత్రమే ఉన్నారన్నాడు. ఆయనతో పాటు జైలుకు వెళ్లిన మాల్ట్జ్‌కు ఆ మాట మింగుడుపడలేదు. పేర్లు చెప్పినవాణ్నీ, చెప్పక జైలుకెళ్లినవాణ్నీ ఒకే వరుసలో నిలబెట్టవద్దని బహిరంగంగా వాదించాడు. 1999లో కజాన్‌కు గౌరవ ఆస్కార్ ఇచ్చినప్పుడు హాలులో కొందరు లేచి చప్పట్లు కొట్టారు, కొందరు కూర్చునే కొట్టారు, నటులు ఎడ్ హారిస్, నిక్ నోల్టీ వంటి వాళ్లు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ‘రోమన్ హాలిడే’కు ట్రంబో పేరును రచయితల సంఘం అధికారికంగా చేర్చింది 2011లో. అప్పటికి ఆయన పోయి 35 ఏళ్లు.